ప్లేటుకీ బ్యాటరీకీ మధ్య: చిన్న సోలార్‌కు ఏ ఛార్జ్ కంట్రోలర్?

సోలార్ అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది డాబా మీద మూడు కిలోవాట్ల ప్లేట్లు, పీఎం సూర్యఘర్ పథకం, 78 వేల రూపాయల సబ్సిడీ. ఆ పద్ధతిలో ఎండకు పుట్టిన కరెంటు గ్రిడ్ ఇన్వర్టర్ గుండా ఇంటికి, మిగిలితే డిస్కం లైనుకు పోతుంది. బ్యాటరీ ఉండదు కనుక ఛార్జ్ కంట్రోలర్‌తో పనే లేదు. ఊళ్ళో కరెంటు పోయిందంటే ఆ సోలారూ ఆగిపోతుంది. ఇక్కడ మాట్లాడుకునేది దాని గురించి కాదు. లైను రాని పొలం దగ్గర షెడ్డు, చేపల చెరువు గట్టు మీద కాపలా గుడిసె, అడవిపందుల్ని ఆపే ఝట్కా మెషిన్, ఏజెన్సీ గూడెంలో రెండు బల్బులూ ఒక ఫ్యానూ, చీకటి పడ్డాక సంతలో దీపం కావలసిన బండి. ఇలాంటి చోట్ల 40 వాట్ల నుంచి 500 వాట్ల దాకా బ్యాటరీతో నడిచే చిన్న సెట్ల గురించి.

ఈ సెట్టులో ప్లేటు గట్టిది. రాయి తగలకపోతే, నీడ పడకపోతే ఇరవై ఏళ్ళు పనిచేస్తుంది. బ్యాటరీ అలా కాదు. బాగా చూసుకుంటే నాలుగైదేళ్ళు రావలసిన ట్యూబులర్ బ్యాటరీ చాలా చోట్ల రెండేళ్ళకే చేతులెత్తేస్తుంది, మళ్ళీ వేలకు వేలు పోయాలి. ఆ బ్యాటరీ ఎన్నాళ్ళు బతకాలో చాలావరకు తేల్చేది మధ్యలో ఉన్న ఛార్జ్ కంట్రోలర్. సెట్టు మొత్తంలో తక్కువ ఖరీదు దానిదే, అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పట్టించుకున్నవాళ్ళు కూడా కంట్రోలర్లలో పీడబ్ల్యూఎం రకం మంచిదా, ఎంపీపీటీ రకం మంచిదా అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతున్నారు. నా దృష్టిలో మన ఎండల్లో, మన బడ్జెట్లలో అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆ డబ్బా బ్యాటరీని ఎన్ని వోల్టుల దగ్గర ఆపుతుంది, ఎన్ని వోల్టుల దగ్గర కాపాడుతుంది అన్నది.

ముందు దాని పనేమిటో చూద్దాం. 12 వోల్టుల బ్యాటరీ కోసం అమ్మే ప్లేటులో 36 సెల్స్ ఉంటాయి. లోడు ఏదీ లేకుండా ఎండలో పెట్టి మీటరు పెడితే 21, 22 వోల్టులు చూపిస్తుంది. దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపి వదిలేస్తే బ్యాటరీ నిండిన తర్వాత కూడా కరెంటు పోతూనే ఉంటుంది, లోపలి నీళ్ళు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతాయి, బ్యాటరీ లోపలి ప్లేట్లు పాడవుతాయి. నిండేదాకా పూర్తిగా పంపడం, నిండుతున్నకొద్దీ తగ్గించడం, రాత్రిపూట బ్యాటరీ కరెంటు వెనక్కి ప్లేటులోకి పోకుండా ఆపడం, బ్యాటరీ మరీ అడుగంటితే లోడు కట్ చేయడం: ఇవీ కంట్రోలర్ పనులు.

పీడబ్ల్యూఎం కంట్రోలర్ అసలుకి చాలా వేగంగా తెరుచుకుని మూసుకునే ఒక స్విచ్చు. బ్యాటరీ ఖాళీగా ఉన్నంతసేపు స్విచ్చు మూసే ఉంటుంది, ప్లేటు బ్యాటరీకి నేరుగా కలిసినట్టే. అప్పుడు ప్లేటు కూడా బ్యాటరీ వోల్టేజికే దిగివస్తుంది. ఎంపీపీటీలో రాగితీగ చుట్టిన కాయిల్ ఒకటి ఉంటుంది. ప్లేటును దానికి అనువైన వోల్టేజి దగ్గరే పనిచేయనిచ్చి, ఎక్కువున్న వోల్టులు తగ్గించి, ఆ మేరకు ఆంప్స్ పెంచి బ్యాటరీకి ఇస్తుంది. ప్లేటు వోల్టేజిని కాస్త అటూ ఇటూ జరుపుతూ ఎక్కడ వాట్లు ఎక్కువ వస్తున్నాయో ఎప్పటికప్పుడు వెతుక్కుంటుంది.

కాగితం మీద లెక్క ఎంపీపీటీ వైపే ఉంటుంది. 100 వాట్ల ప్లేటు అంటే 18 వోల్టుల దగ్గర 5.55 ఆంప్స్. పీడబ్ల్యూఎం దాన్ని 13 వోల్టుల బ్యాటరీకి కట్టేస్తే దక్కేది 5.55 ఇంటూ 13, అంటే 72 వాట్లు. మిగతా 28 వాట్లు పోయినట్టే కదా! ప్రకటనల్లో కనిపించే "30 శాతం ఎక్కువ కరెంటు" ఈ లెక్కలోంచే వచ్చింది.

అయితే ప్లేటు వెనక స్టిక్కరు మీద రాసే 18 వోల్టులు, సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి సంగతి. రెంటచింతలలోనో రామగుండంలోనో ఏప్రిల్ మధ్యాహ్నం నీడలోనే 40 డిగ్రీలుంటే, ఎండలో ఉన్న సెల్ వేడి 70 డిగ్రీల దాకా పోతుంది. డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పనిచేసే వోల్టేజి పడిపోతుంది. 45 డిగ్రీల తేడాకి 18 శాతం. 18 వోల్టులు కాస్తా 14.8కి దిగిపోయాయి. ఆ సమయానికి బ్యాటరీ 13.5 నుంచి 14 వోల్టుల మధ్య ఉంటుంది. ఎంపీపీటీకి పిండుకోవడానికి మిగిలింది ఒక వోల్టు అటూ ఇటూ, అందులోనూ అది తనకోసం నాలుగైదు శాతం ఖర్చు చేసుకుంటుంది. అంటే నడి ఎండాకాలంలో 36 సెల్స్ ప్లేటుకి రెండు రకాలూ దాదాపు సమానమే. డిసెంబరు ఉదయం, రాత్రంతా వాడి ఖాళీ అయిన బ్యాటరీ ఉన్నప్పుడు మాత్రం ఎంపీపీటీ నిజంగానే ముందుంటుంది. యూరప్ చలిదేశాల వాళ్ళు రాసిన సలహాలు చదివి మనవాళ్ళు ఎంపీపీటీయే గతి అనుకోవడానికి కారణం ఈ వాతావరణపు తేడా.

ఇక డబ్బు లెక్క. 12 వోల్టుల చిన్న ప్లేటు, చిన్న బ్యాటరీ ఉన్న ఇంటికి ఎంపీపీటీ కోసం అదనంగా రెండు మూడు వేలు పెట్టే బదులు అదే డబ్బులో 100 వాట్ల ప్లేటు స్థానంలో 125 లేదా 150 వాట్ల ప్లేటు తీసుకోవడం మేలు. అది మబ్బు రోజున కూడా ఎక్కువిస్తుంది, చెడిపోయే భాగాలు దానిలో లేవు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. 32, 33 సెల్స్‌తో చౌకగా అమ్మే ప్లేట్లు మన వేడికి 14 వోల్టులు దాటలేక బ్యాటరీని నింపలేవు. కొనేముందు ప్లేటు మీద సెల్స్ లెక్కపెట్టుకోవాలి. సెల్స్‌ని సగానికి కోసి చేసిన ప్లేటైతే లెక్కపెట్టి లాభం లేదు, స్టిక్కరు మీద పనిచేసే వోల్టేజి 18కి తగ్గకూడదు.

పెద్ద ప్లేటు దగ్గరికొచ్చేసరికి కథ మారిపోతుంది. చిన్న 12 వోల్టుల ప్లేట్లకి వాటుకి పడే ధర ఎక్కువ, డాబాల మీద పెట్టే పెద్ద ప్లేట్లకి తక్కువ. కాబట్టి పాత 330 వాట్ల 72 సెల్స్ ప్లేటు ఎవరైనా చౌకగా ఇస్తే తెచ్చుకోవాలనిపించడం సహజం. ఆ ప్లేటు పనిచేసేది దాదాపు 37.5 వోల్టుల దగ్గర, 8.8 ఆంప్స్‌తో. దాన్ని పీడబ్ల్యూఎం ద్వారా 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే ఆంప్స్ ఆ 8.8 దగ్గరే ఉంటాయి, బ్యాటరీకి అందేది 120 వాట్లలోపు. మూడింట రెండు వంతులు వృథా. ఇప్పుడొస్తున్న 540 వాట్ల ప్లేటైతే 13 ఆంప్స్ దగ్గర 175 వాట్లే దక్కుతాయి. ఇక్కడ ఎంపీపీటీ తప్పనిసరి. 330 వాట్ల ప్లేటు ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఎంపీపీటీ ద్వారా 250 వాట్ల పైచిలుకు ఇస్తుంది. అంటే 12 వోల్టుల బ్యాటరీకి 18, 19 ఆంప్స్. చల్లటి ఎండలో 24 ఆంప్స్ దాకా పోవచ్చు కనుక 30 ఆంప్స్ కంట్రోలర్ చూసుకోవాలి. పెద్ద ప్లేటుకి ఎంపీపీటీ, 36 సెల్స్ ప్లేటుకి పీడబ్ల్యూఎం: చాలామంది ఇళ్ళలో ప్రశ్న ఇక్కడితో తేలిపోతుంది.

ఎంపీపీటీ కొనేవాళ్ళు ఆంప్స్ చూసి వదిలేస్తారు, దాని పక్కనే ఉండే రెండో అంకె చూడరు. అది ప్లేటు వైపు ఎన్ని వోల్టులు తట్టుకోగలదో చెప్పే అంకె. విక్ట్రాన్ కంపెనీ డబ్బా మీద 75/15 అని ఉంటే ప్లేటు వైపు గరిష్ఠంగా 75 వోల్టులు, బ్యాటరీ వైపు 15 ఆంప్స్ అని. ఆంప్స్ మించితే మంచి కంట్రోలర్ తనంతట తాను తగ్గించుకుంటుంది. వోల్టులు మించితే కాలిపోతుంది, వారంటీ కూడా వర్తించదు. వేడికి వోల్టేజి పడిపోయినట్టే చలికి పెరుగుతుంది. 49.5 వోల్టులు చూపించే పెద్ద ప్లేట్లు రెండు వరసగా కలిపితే 99 వోల్టులు, 100 వోల్టుల కంట్రోలర్‌కి సరిపోయింది కదా అనుకుంటారు. ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో జనవరి తెల్లవారుజామున ఐదు డిగ్రీల చలిలో తొలి ఎండ పడగానే అదే జత 105 వోల్టులకు ఎక్కుతుంది. అలాంటి చోట ప్లేట్లను వరసగా కాకుండా పక్కపక్కన, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలుపుకోవడమే మంచిది.

ఇక నకిలీల మాట. ఎంపీపీటీ అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి లోపల మామూలు పీడబ్ల్యూఎం పెట్టి అమ్మే డబ్బాలు ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి, కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ మార్కెట్లలోనూ ఉన్నాయి. ఆరేడు వందలకు 30 ఆంప్స్ ఎంపీపీటీ ఇస్తామంటే నమ్మనక్కర్లేదు, ఆ ధరకి లోపలి కాయిల్, అల్యూమినియం హీట్‌సింకే రావు. చేతిలోకి తీసుకుంటే అసలైనది బరువుగా ఉంటుంది. రుజువు కావాలంటే రెండొందల రూపాయల మల్టీమీటర్ చాలు. మధ్యాహ్నం మంచి ఎండలో, సగం ఖాళీ అయిన బ్యాటరీ ఛార్జ్ అవుతుండగా, కంట్రోలర్ మీద ప్లేటు వైర్లు బిగించిన రెండు టెర్మినల్స్ దగ్గర వోల్టేజి చూడాలి. తర్వాత బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర చూడాలి. రెండూ దాదాపు ఒకటే, 13 దగ్గర 13.3, అలా ఉంటే పెట్టె మీద ఏమి రాసినా అది పీడబ్ల్యూఎం. బ్యాటరీ దగ్గర 13 ఉండి ప్లేటు దగ్గర 16, 17 (నడి ఎండాకాలమైతే 14.8 దగ్గర, పెద్ద ప్లేటైతే 30 పైన) ఉంటే అది నిజమైన ఎంపీపీటీ. బ్యాటరీ నిండిపోయాక ఈ పరీక్ష చేస్తే తప్పుదారి పట్టిస్తుంది, ఖాళీ బ్యాటరీతోనే చేయాలి. షాపువాడు ఒప్పుకుంటే ఈ పరీక్ష అయ్యేదాకా బిల్లు మీద వాపసు మాట రాయించుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు విషయానికి. బ్యాటరీని ఎక్కడ ఆపాలి?

నీళ్ళు పోసే ట్యూబులర్ బ్యాటరీకి గట్టిగా ఛార్జ్ చేసే దశలో 14.4 నుంచి 14.8 వోల్టులు కావాలి. జెల్ బ్యాటరీకి 14.1, 14.2 మించకూడదు. సీల్డ్ బ్యాటరీకి 14.4 దగ్గర. నిండాక అన్నిటికీ 13.5 నుంచి 13.8 మధ్య నిలపాలి. ఈ అంకెలన్నీ బ్యాటరీ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటివి. వేడి పెరిగితే వోల్టులు తగ్గించాలి, 12 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి దాదాపు 24 మిల్లీవోల్టుల లెక్కన. రేకుల షెడ్డులో బ్యాటరీ 40 డిగ్రీలకి చేరిందంటే 0.36 వోల్టు తగ్గించాలి, 14.4 కాస్తా 14.04 అవ్వాలి. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ బ్యాటరీ వాటర్ నెలకోసారి పోయాలా, మూడు నాలుగు నెలలకోసారి పోస్తే చాలా అన్నది ఇక్కడే తేలుతుంది. సీల్డ్ బ్యాటరీకైతే నీళ్ళు తిరిగి పోసే దారే లేదు, ఎండిపోయి ఉబ్బుతుంది. తీగ చివర చిన్న సెన్సర్‌తో బ్యాటరీ వేడి కొలిచే కంట్రోలర్‌కి ఐదారువందలు ఎక్కువైనా ఇవ్వొచ్చు. మన వాతావరణంలో ఎంపీపీటీకి పెట్టే అదనపు డబ్బు కంటే ఈ సెన్సర్‌కి పెట్టేది ఎక్కువ లాభం ఇస్తుందని నా గట్టి అభిప్రాయం. కొన్ని కంట్రోలర్లలో సెన్సర్ డబ్బా లోపలే ఉంటుంది. డబ్బా వేడెక్కినప్పుడు అది బ్యాటరీ వేడెక్కిందనుకుంటుంది, అందుకని కంట్రోలర్‌నీ బ్యాటరీనీ ఒకే గదిలో, ఒకే గాలిలో ఉంచాలి.

సెన్సర్ లేనిదే ఉంటే చేత్తో ఆ పని చేయొచ్చు. అందరూ చూసిన నీలం రంగు డబ్బానే తీసుకుందాం: మధ్యలో చిన్న ఎల్‌సీడీ, కింద రెండు యూఎస్‌బీ సాకెట్లు, మూడు బటన్లు, కింది వరసలో ఆరు స్క్రూలు. నాలుగైదు వందలకు దొరుకుతుంది. పనికిరానిది కాదు, సెట్టింగులు మార్చకుండా వదిలేయడమే అసలు తప్పు. మెనూ బటన్ నొక్కుతూ పోతే బ్యాటరీ రకం వస్తుంది. చాలా వాటిలో బీ1 అంటే సీల్డ్, 14.4 వోల్టులు. బీ2 జెల్, 14.2. బీ3 నీళ్ళ బ్యాటరీ, 14.6. ఎండాకాలం నాలుగు నెలలూ వాటర్ బ్యాటరీని కూడా బీ2లో పెట్టి, వానలు మొదలయ్యాక బీ3కి మార్చుకుంటే సెన్సర్ లేని లోటు చాలావరకు తీరుతుంది. తర్వాత లోడు కట్ చేసే వోల్టేజి. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు అది సాధారణంగా 10.7 దగ్గర ఉంటుంది. లెడ్ బ్యాటరీకి అది మరీ లోతు. రోజూ అంత దాకా దించితే ట్యూబులర్ కూడా ఏడాదిన్నర కంటే నిలవదు. దాన్ని 11.5కి పెంచాలి. రాత్రి పదకొండుకి ఆగాల్సిన బల్బు పదింటికే ఆగిపోతుంది నిజమే, కానీ బ్యాటరీ మిగులుతుంది. తిరిగి లోడు కలిపే వోల్టేజి 12.6 దగ్గరే ఉండనివ్వాలి.

ఈ రకం డబ్బాల్లో ఒక తిరకాసుంది. లోపలి స్విచ్చులు, అంటే మాస్‌ఫెట్లు, మైనస్ వైపు పెడతారు. ప్లస్‌లన్నీ లోపల ఒకటే, మైనస్‌లు మూడూ వేరువేరు. మన ఎలక్ట్రీషియన్లకి మైనస్‌లన్నీ కలిపి ఒకే కామన్ వైరు లాగడం అలవాటు. బల్బుల మైనస్‌ని తెచ్చి బ్యాటరీ మైనస్‌కి కలిపేశారంటే లోడు కట్ చేసే పనే జరగదు, స్విచ్చును దాటేసి కరెంటు పోతుంది. బ్యాటరీ పూర్తిగా అడుగంటాక కంట్రోలర్ పనిచేయలేదని తిట్టుకుంటారు. ప్లేటు మైనస్ కలిపేస్తే ఇంకా నష్టం, ఛార్జ్ ఎక్కడా ఆగదు. ఆరు స్క్రూలకీ ఆరు వైర్లు విడిగా రావాలి.

ఇన్వర్టర్ ఉంటే దాన్ని కంట్రోలర్ మీద బల్బు బొమ్మ ఉన్న టెర్మినల్స్‌కి కలపకూడదు. 300 వాట్ల చిన్న ఇన్వర్టర్ కూడా 12 వోల్టుల దగ్గర 25 ఆంప్స్ పైన లాగుతుంది, స్విచ్చు వేసిన క్షణంలో ఇంకా ఎక్కువ. 10, 20 ఆంప్స్ డబ్బా దానికి తట్టుకోదు. ఇన్వర్టర్ నేరుగా బ్యాటరీకి, మధ్యలో తగిన ఫ్యూజుతో. నేను చూసిన కాలిపోయిన చిన్న కంట్రోలర్లలో చాలావాటికి కారణం ఇదే.

ఆంప్స్ ఎంత తీసుకోవాలన్నదానికి సూటి లెక్క ఉంది. పీడబ్ల్యూఎం అయితే ప్లేటు స్టిక్కరు మీది షార్ట్ సర్క్యూట్ ఆంప్స్‌కి పావు వంతు కలపాలి. 100 వాట్ల ప్లేటుకి 6 ఆంప్స్ అనుకుంటే ఏడున్నర, కాబట్టి 10 ఆంప్స్ కంట్రోలర్. ఇది నిఖార్సైన కంపెనీ లెక్క. పేరూ ఊరూ లేని డబ్బా మీద రాసిన ఆంప్స్‌ని నేను సగానికే లెక్కేస్తాను. 30 అని రాసి లోపల రెండే మాస్‌ఫెట్లు, వాటికి వేడి పోయే ప్లేటు లేనివి ఎన్నో. పైగా ఆ అంకె ఏసీ గదిలో కొలిచినది, మధ్యాహ్నం రేకుల కింద అది నిలవదు. స్క్రూ టెర్మినల్స్ చూసినా తెలిసిపోతుంది. 30 ఆంప్స్ నిజంగా పోవాలంటే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ పట్టాలి, పట్టని టెర్మినల్‌లో దూర్చడానికి పోగులు కొన్ని కత్తిరించే ఎలక్ట్రీషియన్ అక్కడే మంటకి దారి వేస్తున్నాడు.

తీగ సంగతి వచ్చింది కనుక, ప్లేటు నుంచి కంట్రోలర్‌కి పది మీటర్ల దూరం 1.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరుతో లాగి 10 ఆంప్స్ పంపితే పోనూ రానూ తీగలోనే 2.3 వోల్టులు పోతాయి. ఎండాకాలంలో ప్లేటు దగ్గరే 14.8 ఉంటే బ్యాటరీకి చేరేది 12.5. ఎంత మంచి కంట్రోలర్ పెట్టినా ఆ బ్యాటరీ ఎప్పటికీ నిండదు. 4 చదరపు మిల్లీమీటర్లయితే 0.9 వోల్టు, 6 అయితే ఇంకా తక్కువ. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి దూరం ఒక మీటరు మించకూడదు. అక్కడ తీగలో పోయే వోల్టేజి కంట్రోలర్‌ని మోసం చేస్తుంది, బ్యాటరీ నిండకముందే నిండిందనుకుని తగ్గించేస్తుంది. దగ్గరన్నారు కదా అని బ్యాటరీ నెత్తి మీద బిగించకూడదు, ఆవిరికి టెర్మినల్స్ పచ్చగా పూస్తాయి. బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు ఉండాలి. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్లేటు, చివర లోడు. విప్పేటప్పుడు ఇందుకు తలకిందులుగా. 12 వోల్టులా 24 వోల్టులా అన్నది కంట్రోలర్ తెలుసుకునేది బ్యాటరీని చూసే. ముందే ప్లేటు తగిలిస్తే కొన్ని తికమక పడతాయి, కొన్ని పోతాయి.

బ్యాటరీ ఎంత పెద్దదైతే అంత మంచిదన్న నమ్మకం కూడా కంట్రోలర్‌కి చెడ్డపేరు తెస్తోంది. ఇంట్లో ఇన్వర్టర్‌ది కదా అని 150 ఏహెచ్ ట్యూబులర్ తెచ్చి 100 వాట్ల ప్లేటు పెడతారు. ఆ ప్లేటు మంచి రోజున ఇచ్చేది 25, 27 ఏహెచ్. బ్యాటరీ ఒకసారి ఖాళీ అయితే ఏమీ వాడకుండా వారం దాకా ఛార్జ్ చేయాలి. ఏనాడూ పూర్తిగా నిండని లెడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి కెపాసిటీ తగ్గుతూ పోతుంది. కంట్రోలర్ మీద నిండినట్టు దీపం వెలగదు, డబ్బా పాడైందని మార్చేస్తారు. 100 వాట్లకి 40 నుంచి 60 ఏహెచ్ సరైన జోడీ. 150 ఏహెచ్ బ్యాటరీనే పెట్టాలంటే దానికి పదో వంతు, 15 ఆంప్స్ ఛార్జింగ్ అందాలి. అంటే 36 సెల్స్ ప్లేట్లు 270 వాట్ల దాకా, లేదంటే 330 వాట్ల ఒక్క ప్లేటు ఎంపీపీటీతో.

పట్నాల్లో ప్రశ్న వేరు. ఇంట్లో ఇన్వర్టర్, బ్యాటరీ ఎలాగూ ఉన్నాయి, ఒక ప్లేటు, కంట్రోలర్ తగిలిస్తే బిల్లు తగ్గుతుందా అని అడుగుతారు. మామూలు కంట్రోలర్ తగిలిస్తే దాదాపు ఏమీ తగ్గదు. గ్రిడ్ కరెంటు ఇన్వర్టర్ ద్వారా బ్యాటరీని ఎప్పుడూ నిండుగానే ఉంచుతుంది, సోలార్ వచ్చేసరికి నింపడానికి ఏమీ ఉండదు. పగలు ఎండ ఉన్నప్పుడు గ్రిడ్ ఛార్జింగ్‌ని ఆపి, బ్యాటరీ మీద ఇంటిని నడిపే ఏర్పాటు ఉన్నది కొనాలి. దీన్నే సోలార్ మేనేజ్‌మెంట్ యూనిట్ అని అమ్ముతున్నారు. అది ఉన్నా రోజూ బ్యాటరీని వాడి అరగదీస్తున్నట్టే. కరెంటు కోత పెద్దగా లేని కాలనీలో బిల్లు తగ్గడమే కావాలంటే సూర్యఘర్ దారే సరైనది.

లిథియం వచ్చాక కొత్త చిక్కులు వచ్చాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, నాలుగు సెల్స్ వరస, 12.8 వోల్టులది మన వేడికి లెడ్ కంటే బాగా తట్టుకుంటుంది, ధరలు కూడా దిగివస్తున్నాయి. దానికి 14.2 నుంచి 14.4 చాలు. వేడికి వోల్టేజి తగ్గించనక్కర్లేదు, ట్యూబులర్‌కి అప్పుడప్పుడు ఇచ్చే 15 వోల్టుల ఈక్వలైజింగ్ దీనికి పూర్తిగా కట్టేయాలి. ఎక్కువైతే బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్, అంటే బీఎంఎస్, తనంతట తాను తెగిపోతుంది. నడి ఎండలో అలా తెగితే చౌక కంట్రోలర్ అదుపు తప్పి ప్లేటు వోల్టేజిని బల్బుల మీదికి వదిలేయొచ్చు, 12 వోల్టుల ఎల్‌ఈడీలు పోతాయి. పూర్తిగా ఖాళీ అయి బీఎంఎస్ తెగినా ఇబ్బందే. బ్యాటరీ దగ్గర సున్నా వోల్టులు కనిపిస్తాయి, కంట్రోలర్ లేవదు, బయట ఎంత ఎండ ఉన్నా ఛార్జ్ మొదలవదు. అలాంటి బ్యాటరీని మళ్ళీ లేపే లిథియం యాక్టివేషన్ ఉన్న కంట్రోలర్ అడిగి తీసుకోవాలి.

ఒకటి మాత్రం చాలా గట్టిగా చెప్పాలి. ల్యాప్‌టాప్, ఈ-స్కూటర్ పాత సెల్స్ ఏరి మూడేసి వరసగా అతికించి "12 వోల్టుల లిథియం" అని అమ్మే ప్యాక్‌లు మార్కెట్లో తిరుగుతున్నాయి. ఆ రకం సెల్స్ మూడు కలిపితే నిండు వోల్టేజి 12.6. దాన్ని లెడ్ బ్యాటరీ సెట్టింగులో ఉన్న కంట్రోలర్‌కి తగిలిస్తే 14.4 దాకా తోస్తుంది. నాసిరకం బీఎంఎస్ ఆపలేకపోతే అది మంటే. పూరిగుడిసెలో అలాంటిది పెట్టనివ్వకండి.

ఏ కంపెనీది కొనాలి అన్నది చివరికి డబ్బును బట్టే. నెదర్లాండ్స్‌కి చెందిన విక్ట్రాన్, అమెరికాకు చెందిన మార్నింగ్‌స్టార్ ఈ రంగంలో కొలబద్ద లాంటివి, ఐదేళ్ళ వారంటీ ఇస్తాయి. టెలిఫోన్ టవర్‌కో, మందులు దాచే ఫ్రిజ్‌కో అయితే వాటికి పెట్టిన డబ్బు వృథా కాదు. పొలం షెడ్డులో రెండు బల్బులకి ఆ ధర భారం. మధ్యలో చైనా కంపెనీ ఈపీఎవర్ ట్రేసర్ వరస ఉంది, అది నిజమైన ఎంపీపీటీ, బ్యాటరీ సెన్సర్ తగిలించే వీలుంది, సెట్టింగులు వివరంగా మార్చుకోవచ్చు. దాని రూపాన్ని కాపీ కొట్టినవి కూడా ఉన్నాయి కనుక పైన చెప్పిన మల్టీమీటర్ పరీక్ష దీనికీ చేయాలి. మన దేశంలో తయారైనవి తీసుకుంటే ఒక లాభం ఉంది: సర్వీస్ సెంటర్ జిల్లా కేంద్రంలోనే దొరుకుతుంది, మాస్‌ఫెట్ పోతే కొద్ది ఖర్చుతో మార్చే మెకానిక్ ఉంటాడు. పనితీరుకు ఐఈసీ 62509 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. డబ్బా మీద ఆ మాట ఉంటే పరీక్ష రిపోర్టు అడగండి, రిపోర్టు చూపించగలిగిన కంపెనీని నమ్మొచ్చు. అన్నిటికంటే ముందు మాన్యువల్ అడగాలి. ఏ బ్యాటరీకి ఎన్ని వోల్టుల దగ్గర ఆపుతుందో కాగితం మీద రాసి ఇవ్వలేని కంట్రోలర్ ఎంత చౌకగా వచ్చినా కొనకూడదు.

నన్ను అడిగితే, గుడిసెకి 100 వాట్ల 36 సెల్స్ ప్లేటు, 40 నుంచి 60 ఏహెచ్ బ్యాటరీ, బ్యాటరీ సెన్సర్ ఉన్న 10 ఆంప్స్ పీడబ్ల్యూఎం. 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను, రెండు ఎల్‌ఈడీలు, ఫోన్ ఛార్జింగ్ దీని మీద హాయిగా నడుస్తాయి. పాత పెద్ద ప్లేటు చేతిలో ఉన్నవాళ్ళకి 30 ఆంప్స్ ఎంపీపీటీ, వోల్టేజి పరిమితి చూసుకుని.

ఝట్కా మెషిన్‌కి ఇంత ఆలోచన అక్కర్లేదు. సెకనుకోసారి వదిలే చిన్న పల్స్‌కి అయ్యే ఖర్చు చాలా తక్కువ, 40 వాట్ల ప్లేటు, చిన్న బ్యాటరీ సరిపోతాయి. చాలా మెషిన్ల లోపలే కంట్రోలర్ ఉంటుంది, కొనేటప్పుడు అడిగి తెలుసుకోవాలి. లోపల ఉన్నదానికి బయట ఇంకొకటి తగిలిస్తే రెండూ ఒకదాన్నొకటి గందరగోళపరిచి బ్యాటరీ నిండదు. ఏడాదికోసారి, వరికోతలకు ముందు, బ్యాటరీ వోల్టేజి ఉదయాన్నే కొలవాలి. లోడు తీసేసి ఉన్న లెడ్ బ్యాటరీ 12.4 కంటే తక్కువ చూపిస్తే ఛార్జ్ సరిగ్గా పడటం లేదని అర్థం, పంట మీదికి పందులు రాకముందే ప్లేటు మీది దుమ్ము, స్క్రూలు, ఫ్యూజు, ఈ వరసలో చూసుకోవాలి. బ్యాటరీ పోయిందని స్తంభం నుంచి 230 వోల్టుల లైను కంచెకు తగిలించే పని ఒక్క రాత్రికి కూడా ఎవరూ చేయకూడదు. ఝట్కా పల్స్ పందిని తరిమి వదిలేస్తుంది, లైను కరెంటు ఆ దారిన వచ్చిన మనిషిని వదలదు.